జేమ్స్ వాట్

స్కాట్లండులో 1736లో జన్మించిన జేమ్స్ వాట్ గ్లాస్గో విశ్వవిద్యాలయమున పరికరములు చేయుచుండెను. 1763లో న్యూకమెన్ ఆవిరియంత్రపు నమూనా ఒకటి అతనికి మరమ్మతునకు వచ్చెను. అందు సిలిండరు ప్రతి ఊపునకును వేడెక్కి చల్లారుచుండుటచే బొగ్గు మిక్కిలి వృథా యగుచుండెను. ఆవిరిని వేరొక పాత్రలో చల్లార్చవలెనని 1765లో వాట్‌నకు తోచెను. తోచుటకు క్షణము చాలెను. అట్టి యంత్రము గనిలో పనిచేయుటకు పదునొకండేండ్లు పట్టెను. ఆ నడుమ అతడు అప్పులపాలై, కాలువలకు భూమి కొలిచి కుటుంబమును పోషించెను.

ఉన్న యంత్రమును పొదుపుగా నడుపుట ఒక నేర్పు. నేటి రాబడిని విడిచి, రేపు వ్యయము తగ్గించు యంత్రమును కల్పించుట వేరొకటి. దీనినే అర్థశాస్త్రజ్ఞులు గతిశీల సామర్థ్యమందురు.

1775లో బౌల్టన్ భాగస్వామియై ధనమిచ్చెను. పార్లమెంటు పేటెంటును 1800 వరకు పొడిగించెను. గనుల యజమానులు మిగిలిన బొగ్గు వెలలో మూడవవంతు చెల్లించిరి. అధిక పీడనపు ఆవిరిని మాత్రము వాట్ అపాయమని ఒల్లకుండెను. 1802లో ట్రెవితిక్ దానికే పేటెంటు పొందెను.