బొటనవేలు అడగని గురువు: రహీం సాబ్

ఆట నేర్పే గురువులకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే పెద్ద అవార్డు ద్రోణాచార్య పేరు మీద ఉంది. 1985లో దాన్ని మొదలుపెట్టారు. అడవి బిడ్డ ఏకలవ్యుడికి విద్య చెప్పనన్నవాడు, తనంతట తాను సాధన చేసి నేర్చుకున్నందుకు అతని కుడిచేతి బొటనవేలు తీసుకున్నవాడు ద్రోణుడు. ఆ పేరును గౌరవ చిహ్నంగా ఎంచుకోవడంలో ఎవరికీ తప్పు కనిపించలేదు. ఆ అవార్డు పుట్టడానికి 22 ఏళ్ళ ముందే హైదరాబాద్‌లో ఒక బడిపంతులు కన్నుమూశారు. గురువు అంటే ఎలా ఉండాలో మైదానంలో చేసి చూపించిన ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్ళకు రహీం సాబ్.

కాచిగూడ బడి నుంచి

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీలో చదువుతూ ఆ జట్టుకు ఫుట్‌బాల్ ఆడారు. తర్వాత టీచర్ అయ్యారు. నల్లకుంట నుంచి నడిచి వెళ్ళగలిగే దూరంలో ఉన్న కాచిగూడలోని మిడిల్ స్కూల్లో పాఠాలు చెప్పారు. దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూళ్ళలోనూ పనిచేశారు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, ఆటల బాధ్యత కూడా తీసుకున్నారు. ఆయన కోచ్‌గా మారిన టీచర్ కాదు, చివరిదాకా టీచర్‌గానే ఉండిపోయిన కోచ్. పిల్లవాడికి ఏది రాదో గమనించడం, దాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టడం, వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ చేయించడం ఆయన పద్ధతి.

1940లలో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యాక ఆ పద్ధతి ఊరంతటికీ చేరింది. ఆయన పెట్టిన టోర్నమెంట్లు వింతగా ఉండేవి. ఒకదానిలో బంతిని కాలికి అంటిపెట్టుకుని పరుగెత్తకూడదు, అందగానే పక్కవాడికి ఇచ్చేయాలి. ఇంకోదానిలో వాటం లేని కాలితోనే తన్నాలి. కుడికాలి వాటం వాడైతే ఎడమకాలితోనే ఆడాలి.

ఈ రెండో నియమం దగ్గర కాసేపు ఆగుదాం. ద్రోణుడు బలమైన చేతిని పనికిరాకుండా చేశాడు. రహీం బలహీనమైన కాలిని పనికొచ్చేలా చేశారు. ఒకరిది ఇంకెవరూ తన శిష్యుణ్ణి మించకూడదన్న భయం. ఇంకొకరిది రానిదేదైనా సాధనతో వస్తుందన్న నమ్మకం. పుట్టుకతోనే ప్రతిభ వస్తుందనే వాదనకు అంతకంటే సూటి జవాబు లేదు.

సైకిల్ అద్దె

1950లో ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కోచ్ బాధ్యత తీసుకున్నారు. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు ఆ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. ఆటగాళ్ళకు పోలీసు శాఖలో ఉద్యోగం ఉండేది. నెల జీతం ఉంది కాబట్టి పొద్దునా సాయంత్రం ప్రాక్టీసుకు రాగలిగారు. సాధన చేయాలంటే ముందు కడుపు నిండాలి.

సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేద ఇంట్లో పుట్టిన తులసీదాస్ బలరాం వట్టి కాళ్ళతో ఆడుతూ పెరిగాడు. అతని ఆట చూసి రహీం జట్టులోకి రమ్మన్నారు. రోజూ అంత దూరం రావడానికి డబ్బుల్లేవు. సైకిల్ అద్దెకు తీసుకోమని రహీమే డబ్బులిచ్చారు. ఆ కుర్రాడు రెండు ఒలింపిక్స్‌లో దేశం తరఫున ఆడాడు. అతనికి ప్రతిభ ముందునుంచే ఉంది, లేనిది సైకిల్ అద్దె. గోల్ఫ్, టెన్నిస్ లాంటి ఆటల్లో పాఠాన్ని గంటల లెక్కన కొనుక్కోవాలి. కొనలేనివాడు బంతులు ఏరుతూ, సంచులు మోస్తూ దూరం నుంచి చూసి నేర్చుకోవాలి. రహీం పాఠానికి ధర పెట్టలేదు, పైగా పాఠం దగ్గరికి వచ్చే దారి ఖర్చు కూడా ఇచ్చారు.

వట్టి కాళ్ళు, బూట్లు

1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఆయన శిక్షణలో భారత్ ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం గెలిచింది. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తయింది. ఆ చలిలో మనవాళ్ళు చాలామంది వట్టి కాళ్ళతోనే ఆడారు. చిన్నప్పటినుంచి బూట్లు తొడగని కాలికి బూటు వేస్తే బంతి స్పర్శ తెలియదు. తేడా రక్తంలో లేదు, అలవాటులో ఉంది. అలవాటు వెనుక పేదరికం ఉంది. ఆ తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. 1956లో మెల్బోర్న్‌లో అదే భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. నాలుగేళ్ళ క్రమశిక్షణ తెచ్చిన మార్పు అది. 1960 రోమ్‌లో ఫ్రాన్స్‌తో 1-1తో సమంగా ఆడారు. ఆ తర్వాత భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్ గడప తొక్కలేదు.

జకార్తా

1962 ఆసియా క్రీడల నాటికి రహీం ఒంట్లో క్యాన్సర్ ముదురుతోంది. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి ఎదురైంది. అక్కడినుంచి జట్టు లేచి, సెప్టెంబర్ 4న ఫైనల్లో మళ్ళీ అదే కొరియాను ఎదుర్కొంది. స్టేడియంలో దాదాపు లక్షమంది భారత్‌కు వ్యతిరేకంగా కేకలేస్తున్నారు. తలకు గాయమై కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం ముందు వరుసలో ఆడించారు. పీకే బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్ కొట్టారు. 2-1తో పతకం మనదైంది. మర్నాడు గెలుపును తనకు కానుకగా ఇవ్వమని ముందు రాత్రి రహీం తమను అడిగారని ఆటగాళ్ళు తర్వాత చెప్పుకున్నారు. ఆయన శిష్యులనుంచి అడిగిన దక్షిణ అదొక్కటే.

తొమ్మిది నెలల తర్వాత, 1963 జూన్ 11న ఆయన చనిపోయారు. వయసు 53. ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో ఇప్పటిదాకా మళ్ళీ బంగారం రాలేదు. 2024లో మైదాన్ సినిమా వచ్చేదాకా సొంత ఊరి పిల్లల్లోనే చాలామందికి ఆయన పేరు తెలియదు.

మన పిల్లల పాఠం

రహీం దళితుడు కాదు, దళిత ఉద్యమకారుడూ కాదు. అయినా ఆయన జీవితం మన వాదనకు సాక్ష్యం. మెరిట్ అనే మాటతో మనల్ని పక్కకు నెట్టేవాళ్ళు, ఆ మెరిట్ వెనక ఉన్న కోచింగ్‌నూ తిండినీ దారి ఖర్చునూ లెక్కలోకి రానివ్వరు. నల్లకుంట, చిక్కడపల్లి, అశోక్ నగర్ గదుల్లో పోటీ పరీక్షలకు చదువుతున్నవాళ్ళకు ఈ లెక్క ఎవరూ విడిగా చెప్పనక్కర్లేదు. 2014లో సాంఘిక సంక్షేమ గురుకులాల నుంచి వెళ్ళిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. వాళ్ళకూ దొరికింది శిక్షణే.

కాబట్టి గురుకులాల్లో ఆట స్థలం, వ్యాయామ ఉపాధ్యాయుడు, బూట్లు, పౌష్టికాహారం అడగడం దయ అడుక్కోవడం కాదు. ఏకలవ్యుడికి దక్కకుండా పోయిన పాఠాన్ని హక్కుగా అడగడం. అవార్డుకు ఏ పేరుండాలో కూడా ఆ హక్కుతోనే అడగాలి.