తెల్లబట్టల ప్రిన్సిపాల్

కాకినాడలో పి.ఆర్. కాలేజీ తెలియనివాళ్లుండరు. పి.ఆర్. అంటే పిఠాపురం రాజా అని మాత్రం మనలో చాలామందికి తెలీదు. ఆ రాజుగారు గురువుగా కొలిచిన ప్రిన్సిపాల్ ఒకాయన ఆ కాలేజీలో ఉండేవారు. ఆయనే రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు. ఆయన కథ అర్థం కావాలంటే ముందు కలకత్తాలో జరిగిన ఓ పెళ్లిగొడవ తెలియాలి.

1828లో రామ్మోహన్ రాయ్ మొదలుపెట్టిన బ్రహ్మసమాజంలో విగ్రహాలుండవు. చర్చిలో లాగా అందరూ ఒకచోట చేరి ప్రార్థన చేస్తారు, ఆచార్యుడు ప్రసంగిస్తాడు. 1866లో కేశవచంద్ర సేన్ పెద్దలతో విభేదించి వేరే సమాజం పెట్టారు. ఆయన పట్టుబట్టబట్టే 1872లో ఓ వివాహ చట్టం వచ్చింది. దాని ప్రకారం పెళ్లికి అమ్మాయికి 14, అబ్బాయికి 18 ఏళ్లు ఉండాలి. కానీ 1878లో ఆయనే తన కూతురికి ఆ వయసు రాకముందే కూచ్ బిహార్ రాజుతో పెళ్లి చేశారు. వరుడికీ వయసు చాల్లేదు.

అనుచరులు భగ్గుమన్నారు. ఆ ఏడాది మే నెలలోనే శివనాథ శాస్త్రి, ఆనందమోహన్ బోస్ లాంటివాళ్లు సాధారణ బ్రహ్మసమాజం స్థాపించారు. నిర్ణయాలు ఒక్క మనిషి చేతిలో ఉండకూడదని, సభ్యులందరికీ అందులో మాట ఉండాలని నియమావళి రాసుకున్నారు. చూసేవాళ్లకి సమాజం ముక్కలైనట్టే కనిపించింది. నిజానికి చెప్పినమాట ముందు చెప్పినవాడికే వర్తించాలన్న పట్టుదల అక్కడే గట్టిపడింది.

నాయుడు గారు 1862 అక్టోబర్ 1న మచిలీపట్నంలో పుట్టారు. తండ్రి సైన్యంలో సుబేదారు కాబట్టి చిన్నప్పటి చదువు ఉత్తరాదిన, హైదరాబాదులో సాగింది. తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో విలియం మిల్లర్ దగ్గర చదివారు. ఆ రోజుల్లోనే మనసు బ్రహ్మసమాజం వైపు మళ్లింది.

1889లో భార్య చనిపోయారు. అప్పటికి ఆయనకి ముప్పయ్యేళ్లు కూడా లేవు. భర్త పోతే ఆంక్షలన్నీ ఆడవాళ్లకే, భార్య పోయిన మగవాడికి మాత్రం వెంటనే రెండో పెళ్లి. అదీ అప్పటి లోకం తీరు. నాయుడు గారు మళ్లీ పెళ్లి చేసుకోలేదు. చివరిదాకా తెల్లబట్టలే కట్టారు. ఆడవాళ్లకి పెట్టిన నియమం తనకీ వర్తిస్తుందన్నట్టే బతికారు. పెళ్లిళ్లలో భోగంమేళాలు పెట్టే ఆచారానికి వ్యతిరేకంగా వీరేశలింగం పంతులుగారితో పాటు పోరాడారు.

సికింద్రాబాదు మహబూబ్ కాలేజీ తర్వాత కాకినాడ వచ్చి, 1919 దాకా పి.ఆర్. కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. మగపిల్లలతో పాటు ఆడపిల్లల్నీ క్లాసులో కూర్చోబెట్టారు. దళిత విద్యార్థుల్ని చేర్చుకోవడమే కాదు, కొందరిని తన ఇంట్లోనే పెట్టుకుని చదివించారు. ఒక కులం పిల్లాడు ఇంకో కులం వాళ్లింట్లో మంచినీళ్లు తాగడమే పెద్ద తప్పుగా చూసే కాలమది! పిఠాపురం రాజా సూర్యారావు గారి డబ్బు అండగా నిలిచింది. అనాథశరణాలయం, హాస్టలు ఆ అండతోనే నడిచాయి.

ఆయన ప్రభావం సాహిత్యం మీదా పడింది. చలం అక్కడి విద్యార్థే. పిఠాపురం ఆస్థాన పండితుల ఇంట్లో పుట్టిన దేవులపల్లి కృష్ణశాస్త్రి కూడా అక్కడే చదివి బ్రహ్మసమాజం వైపు వెళ్లారు.

అయితే ఆయన అందరికీ నచ్చిన మనిషేం కాదు. 1923లో కాకినాడలోనే కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. ఆ మరుసటి ఏడాదే ఆయన బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన సర్ బిరుదు తీసుకున్నారు. 1925 నుంచి 1928 దాకా మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా ఉన్నారు. స్వరాజ్యం కంటే ముందు మనిషి నడవడి మారాలన్నది ఆయన దారి. దానితో ఒప్పుకోనక్కర్లేదు. కానీ ఆయన ఊరికి చెప్పినదాన్ని తన ఇంట్లో చేయకుండా వదల్లేదు.

1939 మే 26న కన్నుమూశారు. మన జిల్లాల్లో బ్రహ్మసమాజంలో చేరినవాళ్లు ఎప్పుడూ కొద్దిమందే. ఆయన తెరిచిన తలుపుల్లోంచి కాలేజీలోకి వచ్చినవాళ్లు మాత్రం ఇంకా వస్తూనే ఉన్నారు. ఈసారి పి.ఆర్. కాలేజీ ముందు బస్సు ఆగినప్పుడు గేటులోంచి లోపలికి వెళ్లేవాళ్లని ఒకసారి చూడండి.