జిడ్డు కృష్ణమూర్తి – విజ్ఞానశాస్త్రం, విద్య, గణకయంత్రం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలు కన్నడ, తమిళ దేశాల పొలిమేరలో ఉన్న తెలుగు సీమ. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. పుంగనూరు జమీ, కుప్పం ఉన్న కంగుంది జమీ ఉత్తర ఆర్కాడు జిల్లాలోనివి. రెవెన్యూ శాఖ ఉద్యోగి, తరువాత తహసీల్దారు అయిన జిడ్డు నారాయణయ్యగారి కాపురం మదనపల్లె, కడప, రాజంపేట, కదిరి ఊళ్ల మధ్య తిరగడానికి ఆనాటి జిల్లా సరిహద్దులే కారణం. కదిరి కూడా అప్పట్లో కడప జిల్లాలోనిదే.

నారాయణయ్య, సంజీవమ్మ దంపతుల అష్టమ సంతానంగా కృష్ణమూర్తి మదనపల్లెలో, మన్మథ నామ సంవత్సర వైశాఖ బహుళంలో జన్మించాడు. దేవకీదేవి అష్టమ గర్భాన్ని స్మరించి ఆ పేరు పెట్టారు. జన్మదినం విషయమై గ్రంథాలలో రెండు తేదీలు కనిపిస్తాయి. జననం అర్ధరాత్రి దాటిన అరగంటకు. ఆంగ్ల గణన ప్రకారం అది 1895 మే 12, ఆదివారం. సూర్యోదయంతో వారం మారే మన గణనలో అది ఇంకా శనివారమే, అనగా మే 11. రెండింటిలో ఏదీ తప్పు కాదు. జాతకం వేసిన కుమార శ్రౌతులు బాలుడు మహాపురుషుడు కాగలడని ఫలం చెప్పారు.

చాలాకాలం ఆ ఫలానికి నిదర్శనం కనిపించలేదు. మలేరియా జ్వరాలతో చదువు కుంటుపడింది. పాఠం ధారణకు వచ్చేది కాదు. మందబుద్ధి అని ఉపాధ్యాయులు నిశ్చయించారు, దెబ్బలూ తప్పలేదు. అయితే చీమలను, మేఘాలను గంటల తరబడి చూస్తూ కూర్చునే అలవాటు ఆ బాలునికి ఉండేది. ఒకసారి తండ్రి గడియారాన్ని భాగాలుగా విప్పి, తిరిగి యథాతథంగా కూర్చేవరకు బడికి పోనని, అన్నం తిననని పట్టుపట్టాడు. మహిమల కథలకంటె జీవితచరిత్రకారునికి ఈ చిన్న సంఘటన ఎక్కువ ఉపయోగపడుతుంది. యంత్రం ఎట్లా పని చేస్తుందన్న జిజ్ఞాస ఆయనను వార్ధక్యంలో కూడా విడువలేదు.

1905లో తల్లి మరణించింది. తండ్రి ఉద్యోగ విరమణ చేసి 1909 జనవరిలో పిల్లలతో అడయారులోని దివ్యజ్ఞాన సమాజానికి చేరారు. అక్కడ లెడ్‌బీటరు ఆ బాలుని రాబోయే జగద్గురువుగా గుర్తించడం, అనీబిసెంటు అతనిని, తమ్ముడు నిత్యానందుని పోషణకు స్వీకరించడం, 1911లో నక్షత్ర సంఘం వెలియడం ప్రసిద్ధ విషయాలు. తండ్రి వేసిన వ్యాజ్యంలో మద్రాసు హైకోర్టు 1913లో ఆయన పక్షాన తీర్పు చెప్పగా, 1914లో ప్రీవీ కౌన్సిల్ దానిని త్రోసిపుచ్చింది. ఇంగ్లండులో ప్రవేశ పరీక్షలకు పలుమార్లు కూర్చున్నా ఉత్తీర్ణత లభించలేదు. ఏ విశ్వవిద్యాలయమూ ఆయనను విద్యార్థిగా చేర్చుకొనలేదు. ఈ మధ్యలో మాతృభాష తెలుగు కూడా మరుగున పడింది. సంస్కృత శ్లోకాలను సుస్వరంగా పఠించే అభిరుచి మాత్రం చివరిదాకా నిలిచింది.

1925లో నిత్యానందుడు క్షయతో మరణించాడు. 1929 ఆగస్టు 3న హాలెండులోని ఓమెనులో, వేలాది అనుయాయుల సమక్షంలో, కృష్ణమూర్తి తానే అధ్యక్షుడైన నక్షత్ర సంఘాన్ని రద్దు చేశారు. సంఘానికి కానుకగా వచ్చిన ఆస్తులను దాతలకు తిరిగి ఇప్పించారు. సత్యానికి మార్గం లేదని, గురువు లేడని, మతసంస్థ లేదని ప్రకటించారు. పీఠాన్ని అధిష్ఠించిన వారి చరిత్రలు మనకు అనేకం. సిద్ధంగా ఉన్న పీఠాన్ని కూల్చిన వారి చరిత్రలు అరుదు.

మదనపల్లెలో బిసెంటు స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాల 1915 నుండి నడుస్తున్నది. ఆ పట్టణానికి సమీపంలో తెట్టు గ్రామం దగ్గర, ఋషికొండ పాదంలో, కృష్ణమూర్తి సంకల్పించిన ఋషివ్యాలీ పాఠశాల 1931 నుండి స్థిరపడింది. అక్కడి ఉపాధ్యాయులతో ఆయన జరిపిన చర్చలలో పాఠ్యక్రమం కంటె భయం, పోటీ, పోలిక ప్రధాన విషయాలయ్యాయి. ఒక బాలుని మరొక బాలునితో పోల్చడం హింస అని ఆయన నిశ్చయం. బాల్యంలో పడిన దెబ్బలను తలచుకుంటే దీని మూలం తెలుస్తుంది. అయినా ఆ పాఠశాల విద్యార్థులకు కూడా ప్రభుత్వ గుర్తింపు గల పరీక్షలు తప్పలేదు. ఆదర్శానికి, వ్యవస్థకు నడుమ ఉన్న ఈ చిక్కు ఆయన జీవితకాలంలో తీరలేదు.

పరీక్ష నెగ్గలేని ఈ వ్యక్తిని భౌతిక శాస్త్రవేత్తలు వెదకుకొంటూ వచ్చారు. క్వాంటం సిద్ధాంతంలో ప్రసిద్ధుడైన డేవిడ్ బోమ్ 1961లో లండనులో ఆయనను కలిశారు. ద్రష్టయే దృశ్యమన్న కృష్ణమూర్తి ప్రతిపాదన బోమ్‌ను ఆకర్షించింది. పరిశీలకుని పరిశీలిత వస్తువు నుండి విడదీయరాదన్న చిక్కు క్వాంటం శాస్త్రంలోనూ ఉన్నది. కాలం, ఆలోచన, వాటి అంతం గురించి 1980లో వారిద్దరి నడుమ జరిగిన సంవాదాలు 1985లో గ్రంథరూపం పొందాయి. ఇక్కడ సంస్కృతజ్ఞులు ఒక భేదం గమనించాలి. దృగ్దృశ్యవివేకం వంటి ప్రకరణాలు ద్రష్టను దృశ్యం నుండి వివేచించి సాక్షిని నిలుపుతాయి. కృష్ణమూర్తి ఆ సాక్షిని కూడా ఆలోచన కల్పించినదే అంటారు. శబ్ద ప్రమాణాన్ని, గురు సంప్రదాయాన్ని నిరాకరించిన వారిని అద్వైతిగా వ్యాఖ్యానించడం సాహసమే. వారణాసిలో జగన్నాథ ఉపాధ్యాయ వంటి బౌద్ధశాస్త్ర పండితులతో జరిగిన చర్చలలోనూ ఆయన ఏ దర్శనం పేరునూ అంగీకరించలేదు.

1980 తరువాత ఆయన ప్రసంగాలలో గణకయంత్రం తరచుగా ప్రస్తావనకు వచ్చింది. జ్ఞాపకం, గణన, నేర్చుకొనడం, అన్నీ కంప్యూటరు చేయగలిగితే మానవ మస్తిష్కానికి మిగిలే పని ఏమిటి? వినోదాలలో పడి అది క్షీణిస్తుందా, లేక అంతర్ముఖమవుతుందా? విద్య అంటే విషయసేకరణ మాత్రమే అయితే యంత్రమే ఉత్తమ విద్యార్థి అవుతుందని ఆయన హెచ్చరిక సారాంశం. శతాబ్దాలు ధారణతో శాస్త్రాన్ని కాపాడిన పాఠశాల సంప్రదాయానికి ఈ మాట రుచించదు. అయితే ఆ సంప్రదాయం శ్రవణంతో ఆగలేదు, మనన నిదిధ్యాసనాలను విధించింది. శ్రవణాన్ని యంత్రం అనుకరించవచ్చు. కృష్ణమూర్తి ఆక్షేపం తగిలేది మననం లేని ధారణకే. ధారణ లేని మననం ఎట్లా సాధ్యమో మాత్రం ఆయన చెప్పలేదు; ఆ లోటు లోటే.

1984 మార్చిలో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాల ఆయనను ఆహ్వానించింది. 1945లో తొలి అణుబాంబు రూపొందిన స్థలమది. విజ్ఞానశాస్త్రంలో సృజన అన్నది విషయం. జ్ఞానసంచయం నూతన యంత్రాలను కల్పించగలదు గాని సృజన దాని వల్ల కలగదని, ఆలోచన శమించినచోటనే అది సంభవమని ఆ శాస్త్రజ్ఞుల ఎదుటనే ఆయన ప్రతిపాదించారు.

1985 డిసెంబరులో ఆయన కడసారి ఋషివ్యాలీకి వచ్చి ఉపాధ్యాయులతో మాట్లాడారు. 1986 జనవరి 4న మద్రాసులోని వసంతవిహారంలో చివరి ఉపన్యాసం చేసి, కొద్ది రోజులకే కాలిఫోర్నియాలోని ఓహై చేరారు. క్లోమగ్రంథి క్యాన్సరుతో ఫిబ్రవరి 17న కన్నుమూశారు. తన బోధకు వారసుడెవడూ లేడని ముందే చెప్పి ఉంచారు. చితాభస్మాన్ని అమెరికా, ఇంగ్లండు, భారతదేశాలకు మూడు భాగాలుగా పంచారు. భారతదేశానికి వచ్చిన భాగంలో కొంత గంగలోనూ, కొంత అడయారు దగ్గర సముద్రంలోనూ కలిపారు.