ప్రాణదాత ఎల్లాప్రగడ సుబ్బారావు

పరీక్ష తప్పిన విద్యార్థిని పనికిరానివాడని త్రోసివేయరాదు. అందుకు ఎల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితమే నిదర్శనం. 1895 జనవరి 12న భీమవరంలో జన్మించిన ఈయన మెట్రిక్యులేషనులో రెండుసార్లు తప్పి, మూడవసారి గట్టెక్కినారు.

మదరాసు వైద్య కళాశాలలో చదివే రోజులలో గాంధీజీ పిలుపు నందుకొని ఖద్దరు ధరించినారు. అది శస్త్రవైద్యాచార్యునకు కంటగింపైనది. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టానికి బదులు అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కినది. స్ప్రూ అనే జీర్ణకోశవ్యాధి ఇద్దరు సోదరులను పొట్టనబెట్టుకొన్నది. వ్యాధుల మూలం కనుగొనవలెనన్న పట్టుదల ఆ దుఃఖంలోనే బలపడినది.

అమెరికా చేరి, రాత్రులు ఆసుపత్రిలో చిన్నపనులు చేసుకొంటూ హార్వర్డులో చదివినారు. రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ఫిస్కేతో కలసి 1925లో ప్రకటించినారు. అయినను అక్కడ శాశ్వతోద్యోగం లభించలేదు. 1940లో లెడర్లే పరిశోధనాలయంలో చేరినారు. బోదకాలు నివారణకై మన పూర్వపు కరీంనగరు జిల్లాలో ఊరూరా పంచిన డై ఇథైల్ కార్బమజీన్ అక్కడ ఆయన బృందం కనుగొన్నదే.

జీవకణం విభజన చెందుటకు ఫోలిక్ ఆమ్లం కావలెను. దానిని పోలియుండి దాని పనిని అడ్డగించే పదార్థం దొరికితే కేన్సరు కణం పెరుగుదల ఆగును కదా! సుబ్బారావుగారి బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టనులో సిడ్నీ ఫార్బర్ రక్తకేన్సరు పిల్లలకు ఇచ్చినారు. కొందరిలో వ్యాధి తాత్కాలికంగా తగ్గినదని 1948లో ప్రకటించినారు. తల్లిదండ్రులకు కొన్ని నెలల ఊరట. పిదప వ్యాధి తిరుగబెట్టేది.

వ్యాధి మరొక మాయ కూడ పన్నినది. రక్తంలోని మందులను మెదడులోనికి సులభంగా పోనీయని సహజమైన అడ్డుగోడ యొకటి ఉన్నది. కేన్సరు కణాలు మెదడు పొరలలో చేరి, దాని చాటున దాగి, తిరిగి విజృంభించేవి. అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను వెన్నెముక నడుమ సూదితో మెదడు ద్రవంలోనికే ఎక్కించి వైద్యులు ఆ స్థావరంపై దెబ్బతీసినారు. నేటికీ ఆ మందు వాడుకలో ఉన్నది.

ఆ విజయాన్ని సుబ్బారావుగారు కన్నులార చూడలేదు. 1948 ఆగస్టులో, 53 ఏండ్ల వయస్సులో, నిద్రలోనే కన్నుమూసినారు. స్వదేశానికి తిరిగి రానేలేదు.

ఉపాధ్యాయులారా! మీ తరగతిలో వెనుకబెంచీపై తలవంచుకొని కూర్చున్న బాలునికి ఈ కథ ఒకసారి చెప్పండి.