పంపు పిడి తీయించిన డాక్టరు

సంఘంలో ఒకే ఇంట్లో వరుసగా ఇద్దరు ముగ్గురు మంచాన పడితే, కారణం డాక్టరు చెప్పకముందే మనం చెప్పేస్తాం. ఆ ఇంట్లో ఏదో ఉంది, ప్రార్థన తగ్గింది, దేవుడు గద్దిస్తున్నాడు అంటాం. యోబు స్నేహితుల కాలం నుండి ఈ అలవాటు మనల్ని వదల్లేదు. అందుకే ఈ వారం డాక్టర్ జాన్ స్నో జీవితాన్ని, ఆయనతోపాటు ఒక సహాయ పాదిరిని జ్ఞాపకం చేసుకుందాం.

స్నో 1813 మార్చి 15న ఇంగ్లండులోని యార్క్ పట్టణంలో ఒక కూలివాని ఇంట పుట్టారు. తొమ్మిదిమంది పిల్లల్లో పెద్దవాడు. 14వ ఏట న్యూకాజిల్‌లో ఒక వైద్యుని దగ్గర పని నేర్చుకోవడానికి చేరారు. 1831లో కలరా మొదటిసారి ఆ దేశంలో అడుగుపెట్టింది. మన పెద్దలు గత్తర అని పిలిచి వణికిపోయిన రోగమే అది. 18 ఏళ్ళ స్నోను గురువుగారు కిల్లింగ్‌వర్త్ బొగ్గు గని కార్మికుల దగ్గరకు పంపారు. గనిలో మరుగుదొడ్డి లేదు. పనివాళ్ళు లోపలే కాలకృత్యాలు తీర్చుకునేవారు, కడగని చేతులతోనే తెచ్చుకున్న తిండి తినేవారు. ఈ సంగతి ఆయన మనసులో నిలిచిపోయింది.

1836లో కాలినడకన లండను చేరి చదువు పూర్తి చేశారు. చాలా ఏళ్ళు మద్యం ముట్టలేదు. పెళ్ళి చేసుకోలేదు. మత్తుమందు ఇవ్వడంలో ఎంత పేరు తెచ్చుకున్నారంటే, 1853లో విక్టోరియా రాణి ప్రసవానికి క్లోరోఫాం ఇవ్వడానికి ఆయననే పిలిచారు. ప్రసవవేదన తగ్గించడం దేవుని చిత్తానికి విరుద్ధమని వాదించినవారు ఆ రోజుల్లో ఉన్నారు. రాణిగారు ఒప్పుకున్నాక ఆ వాదన బలహీనపడింది.

కానీ ఆయన మనసంతా కలరా మీదే. అది చెడుగాలి వల్ల వస్తుందని అప్పటి పెద్ద వైద్యులందరి నమ్మకం. గాలి సోకిందనే మాట మనకూ కొత్త కాదు. స్నో ఆలోచన వేరు. గాలి పీలిస్తే వచ్చే జబ్బయితే ముందు ఊపిరితిత్తులు చెడాలి కదా, ఇది కడుపులోనే ఎందుకు మొదలవుతోంది? రోగి నుండి బయటికొచ్చినదేదో నీళ్ళలో కలిసి ఇంకొకరి నోట్లోకి పోతోందని ఆయన 1849లోనే ఒక చిన్న పుస్తకం అచ్చు వేశారు. దాన్ని పట్టించుకున్నవారు తక్కువ.

1854 ఆగస్టు ఆఖరున లండనులో సోహో పేటలోని బ్రాడ్ వీధి చుట్టుపక్కల కలరా విరుచుకుపడింది. పది రోజుల్లో 500 మందికి పైగా చనిపోయారు. స్నో ఇల్లిల్లూ తిరిగి, చనిపోయినవారు ఏ నీళ్ళు తాగారో అడిగారు. దాదాపు అందరూ బ్రాడ్ వీధి చేతిపంపు నీళ్ళే తాగారు. అక్కడికి దగ్గరలోనే 535 మంది ఉన్న నిరుపేదల ఆశ్రమంలో పోయినవారు ఐదుగురే, వాళ్ళకు సొంత బావి ఉంది. ఆ వీధిలోని బీరు కర్మాగారంలో ఒక్కరూ చావలేదు, వాళ్ళు పంపు దగ్గరకే వెళ్ళలేదు. దూరాన హాంప్‌స్టెడ్‌లో ఉన్న ఒక విధవరాలు మాత్రం కలరాతో చనిపోయింది. ఆమెకు ఆ పంపు నీళ్ళ రుచి ఇష్టం, రోజూ తెప్పించుకునేది. సెప్టెంబరు 7 రాత్రి స్నో పారిష్ పెద్దల ముందు ఈ లెక్కలు పెట్టారు. పూర్తిగా నమ్మకపోయినా, మరునాడు వాళ్ళు పంపు పిడి తీయించారు.

అప్పటికే జనం ఊరు వదిలి పారిపోయారు, రోగం తగ్గుముఖం పట్టింది. స్నో కూడా ఆ మాట దాచలేదు. ఇక్కడే హెన్రీ వైట్‌హెడ్ కథలోకి వస్తారు.

ఆయన అదే పేటలో సెయింట్ లూక్ చర్చికి సహాయ పాదిరి, వయసు 28. ఆ రోజుల్లో గడప గడపకూ తిరిగి, చనిపోతున్నవారి పక్కన కూర్చున్నారు. శుభ్రమైన ఇళ్ళలోనూ జనం పోవడం, మురికి ఇళ్ళు కొన్ని తప్పించుకోవడం కళ్ళారా చూశారు. అయినా స్నో మాట తప్పని అనుకున్నారు. తప్పని రుజువు చేయడానికే మళ్ళీ ఇల్లిల్లూ తిరిగారు, కొన్ని ఇళ్ళకు నాలుగైదుసార్లు వెళ్ళారు. బతికినవారు ఆయన సంఘస్థులు. డాక్టరుకు చెప్పని సంగతులు తమ పాదిరిగారికి చెప్పారు. తిరిగేకొద్దీ లెక్క స్నో వైపే తేలింది. ఓడిపోయానని ఒప్పుకోవడానికి ఆయన వెనుకాడలేదు.

40వ నంబరు ఇంట్లో అందరికంటే ముందు విరేచనాలు పట్టుకున్న పసిపాప సంగతి బయటపెట్టింది కూడా ఆయనే. తల్లి బిడ్డ గుడ్డలు ఉతికిన నీళ్ళు ఇంటి ముందున్న మరుగు గుంటలో పోసింది. తవ్వి చూస్తే గుంటకూ పంపు బావికీ మధ్య మూడడుగులు కూడా లేవు, ఇటుకలు పాడై గుంట మురుగు బావిలోకి ఊరుతోంది. ఆ తల్లి చేసింది ఏ తల్లయినా చేసే పనే. పాప చనిపోయింది. సరిగ్గా పిడి తీసిన రోజే తండ్రికి కలరా తగిలింది, అతని మురుగూ ఆ గుంటలోకే పోయింది. పిడి ఉండి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

ఆ నీళ్ళలో ఉన్నది విబ్రియో కలరే అనే సూక్ష్మక్రిమి. అది చిన్నపేగులో చేరి విషం విడుస్తుంది. ఒంట్లోని నీరూ ఉప్పూ పేగులోకి ధారగా వచ్చేస్తాయి. బియ్యం కడుగునీళ్ళలాంటి విరేచనాలతో మనిషి కొన్ని గంటల్లోనే ఎండిపోతాడు. ఒక్కొక్క రోగి నుండి కోట్లాది క్రిములు బయటికొచ్చి ఇంకొకరి గ్లాసు వెతుక్కుంటాయి. పోయిన నీరూ ఉప్పూ వెంటనే తిరిగి ఇస్తే రోగి బతుకుతాడు, ఓఆర్‌ఎస్ చేసే పని అదే. ఆ రోజుల్లో ఈ సంగతి తెలియక విరేచనాలకు మందిచ్చిన వైద్యులూ ఉన్నారు.

స్నో ఈ క్రిమిని చూడలేదు. ప్రభుత్వ ఆరోగ్య మండలి ఆయన మాట తోసిపుచ్చింది. 1858 జూన్ 16న పక్షవాతంతో 45 ఏళ్ళకే కన్నుమూశారు. ఆ వేసవిలోనే థేమ్స్ నది కంపు భరించలేక పార్లమెంటు పెద్ద మురుగు కాలువలకు డబ్బిచ్చింది. కంపు పోవాలని కట్టిన కాలువలే నీళ్ళను కాపాడాయి, దేవుడు కొన్నిసార్లు మన తప్పు లెక్కలతోనూ పని జరిగిస్తాడు. 1884లో రాబర్ట్ కాక్ కలకత్తాలో ఈ క్రిమిని రోగుల పేగుల్లోనే కాదు, జనం వాడే చెరువు నీళ్ళలోనూ చూపించారు.

వైట్‌హెడ్ తరువాత పల్లెటూరి చర్చీల్లో పాదిరిగా సేవ చేసి 1896లో ప్రభువు సన్నిధికి చేరారు. అప్పటివరకూ ఆయన చదువుకునే గదిలో జాన్ స్నో చిత్రపటం ఉండేది.