డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు: మూత్రపిండాల పరీక్ష

రక్తపరీక్ష చేయించుకొని ఆ కాగితాన్ని పెట్టెలో పడవేసి మరచిపోయేవారు మన ఆత్మకూరులో ఎందరో ఉన్నారు. అందలి క్రియాటినిన్ అనే మాట వెనుక ఒక తెలుగువాని కృషి ఉన్నదని విద్యార్థి మిత్రులకు తెలుపుట మా ఉద్దేశము.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. పేదరికాన్ని, సోదరుల అకాల మరణాన్ని దిగమ్రింగి మద్రాసులో వైద్యవిద్య ముగించారు. బోస్టన్ చేరి, పొట్ట గడుపుకొనుటకు పీటర్ బెంట్ బ్రిగ్హామ్ ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరచే పనికి సైతం వెనుదీయలేదు. 1954లో మూత్రపిండ మార్పిడి తొలిసారి సఫలమైనది ఆ ఆసుపత్రిలోనే.

హార్వర్డులో ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని రంగును బట్టి కొలిచే పద్ధతిని, 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను వెల్లడించారు. ఆ పదార్థమే క్రమంగా క్రియాటినిన్‌గా మారి రక్తంలో చేరుతుంది. మూత్రపిండాలు దానిని వడపోస్తాయి. వడపోత మందగించిన కొలదీ రక్తంలో అది పెరుగుతుంది. నేటి వైద్యులు ఆ అంకెతో పాటు వయస్సు, స్త్రీపురుష భేదము గమనించి వడపోత శక్తిని లెక్కిస్తారు. ఏటేటి లెక్కలను, మూత్రంలోని ఆల్బుమిన్‌ను, మధుమేహ రక్తపోటులను కలిపి చూచి, రాబోవు సంవత్సరాలలో ఆ శక్తి ఎంత తగ్గగలదో అంచనా వేస్తారు. అందుకు ఒక్క అంకె చాలదు, వరుస కావలెను. నొప్పి తెలియకుండా క్షీణించే అవయవానికి ఆ వరుసయే హెచ్చరిక.

సుబ్బారావుగారు 1948 ఆగస్టులో అమెరికాలో కన్నుమూశారు. విద్యార్థి సోదరసోదరీమణులారా! ఇంట అమ్మీ అబ్బాల, అమ్మానాన్నల పరీక్షా పత్రాలను తేదీల వారీగా భద్రపరచి వైద్యునికి చూపుదము. ఆ మహనీయునికి మనము సమర్పించగల నివాళి అదియే.