నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా సాహెబ్ గారు

నేను బ్యాండులో క్లారినెట్ వాయించి, జె.సి.ఓ.గా రిటైరయి, జంషెడ్‌పూర్‌లో స్థిరపడినవాణ్ణి. ఇక్కడ ఇద్దరు ముగ్గురు తెలుగు పిల్లలకు క్లారినెట్ నేర్పుతున్నాను. ఖరీదైన క్లారినెట్ కొంటే శబ్దం బాగా వస్తుందా అని వాళ్ళ తల్లిదండ్రులు ముందుగా అడుగుతారు. అప్పుడు నేను చినమౌలానా గారి జీవితం చెప్తుంటాను. అదే ఈ సంచికలో రాస్తున్నాను.

చినమౌలానా గారు 1924లో ఒంగోలు దగ్గర కరవది గ్రామంలో పుట్టారు. వారిది తరతరాలుగా గుడిలో సన్నాయి వాయించే ముస్లిం కుటుంబం. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో అలాంటి కుటుంబాలు చాలా ఉన్నాయి. దేవుడి కల్యాణానికి, ఊరేగింపుకు వాళ్ళ మేళమే ఉండేది. మన యూనిట్లలో సర్వధర్మ స్థలంలో అందరం కలిసి నిలబడి ప్రార్థన చేసినవాళ్ళం కాబట్టి ఈ సంగతి మనకు వింతగా అనిపించదు. ఆయనకు తొలి గురువు తండ్రి కాశిం సాహెబ్ గారు. తర్వాత చిలకలూరిపేట ఆదం సాహెబ్ గారి దగ్గర నేర్చుకున్నారు. ఆదం సాహెబ్ గారంటే ఆంధ్రదేశంలో నాదస్వరానికి పెద్ద పేరు.

అంత విద్య చేతిలో ఉన్నా ఆయన అక్కడితో ఆగలేదు. ఆ రోజుల్లో నాదస్వర చక్రవర్తి అంటే తిరువావడుదురై రాజరత్నం పిళ్ళై గారు. పూర్వం పొట్టిగా ఉండి హెచ్చు శ్రుతిలో మోగే తిమిరి నాదస్వరం ఎక్కువ వాడుకలో ఉండేది. పొడవుగా ఉండి గంభీరంగా పలికే బారి నాదస్వరాన్ని ప్రచారంలోకి తెచ్చింది పిళ్ళై గారే. ఆ నాదం మీద మనసుపడి చినమౌలానా గారు తంజావూరు బాణీ నేర్చుకోవాలని బయలుదేరారు. నాచ్చియార్‌కోయిల్‌లో రాజం, దురైకన్ను సోదరులకు శిష్యులయ్యారు. భాష వేరు, ఊరు వేరు, మళ్ళీ మొదటి నుంచి శిష్యరికం. ప్రమోషన్ వచ్చిన మనిషి తిరిగి రిక్రూటుగా గ్రౌండులో నిలబడితే ఎలా ఉంటుందో మనకు తెలుసు కదా!

అసలు ఈ వాద్యంలో కష్టం ఎక్కడుందో చెప్పాలి. నాదస్వరానికి ఏడు వేలి రంధ్రాలు. మా క్లారినెట్‌కున్నట్టు మీటలు ఉండవు. పక్కపక్క స్వరాల తేడా, గమకం అన్నీ వేలితో రంధ్రం కొంచెం మూసి, పెదవి నొక్కి, ఊపిరి పెంచి తగ్గించి రాబట్టాలి. శబ్దం పుట్టేది నోట్లో పెట్టుకునే పీకలో. తమిళనాట దాన్ని శీవాళి అంటారు. కావేరి ఒడ్డున పెరిగే రెల్లు జాతి మొక్కను కోసి, ఉడికించి, ఎండబెట్టి, నొక్కి, దారంతో కట్టి చేస్తారు. అది రెండు రేకులు. ఆ రెండూ కొట్టుకుంటేనే నాదం. మందంగా ఉంటే ఊపిరి చాలదు, మరీ పలుచనైతే నాదం పీలగా వస్తుంది. అందుకే విద్వాంసుల వాద్యానికి నాలుగైదు పీకలు వేలాడుతూ ఉంటాయి. ఆ పూట ఏది బాగా పలికితే దాన్ని పెట్టుకుంటారు.

క్లారినెట్‌కు ఒకటే రేకు, దాన్నే రీడ్ అంటాం. మంచి రీడ్‌లకు రెల్లు దక్షిణ ఫ్రాన్స్‌లోని వార్ ప్రాంతం నుంచి వస్తుంది. నెంబరు పెరిగేకొద్దీ రీడ్ గట్టిగా ఉంటుంది. నేర్చుకునేవాళ్ళకు 2 గాని, 2½ గాని సరిపోతుంది. పక్కవాడు 3½ వాయిస్తున్నాడని మనమూ పెట్టుకుంటే గాలి శబ్దం తప్ప నాదం రాదు. మౌత్‌పీస్ సందు వెడల్పుగా ఉంటే మెత్తటి రీడ్, సన్నగా ఉంటే కాస్త గట్టి రీడ్ కావాలి. కొత్త రీడ్‌ను తడిపి మొదటి నాలుగైదు రోజులు కొద్ది నిమిషాలే వాయించాలి. నాలుగు రీడ్‌లు దగ్గర పెట్టుకొని మార్చి మార్చి వాడితే ఎక్కువ కాలం వస్తాయి. జంషెడ్‌పూర్ వానాకాలంలో ఒకలా, మే నెల ఎండల్లో ఒకలా పలుకుతాయి, గమనించుకోవాలి.

ఎంత మంచి రీడ్ అయినా ఊపిరి లేకపోతే దండగే. భుజాలు ఎగరెయ్యకుండా, పొట్ట, పక్కటెముకలు విచ్చుకునేలా గాలి తీసుకోవాలి. వదిలేటప్పుడు ఒక్కసారిగా కాకుండా సన్నని ధారగా వదలాలి. రోజూ పావుగంట ఒక్కొక్క స్వరాన్నే చిన్నగా మొదలుపెట్టి, పెంచి, మళ్ళీ తగ్గించి నిలపాలి. డ్రిల్లు లాగే ఇదీ విసుగ్గానే ఉంటుంది, కానీ నాదం వచ్చేది దీనివల్లే. చినమౌలానా గారి రికార్డింగులో రాగాలాపన వినండి. అంత పొడవాటి వాద్యంలో కూడా స్వరం వణక్కుండా నిలబడుతుంది, మెల్లగా వాయించినా నాదం సన్నబడదు. ఏళ్ళ తరబడి ఊపిరిని సాధించిన మనిషికే అది వస్తుంది.

తర్వాత ఆయన శ్రీరంగంలో స్థిరపడి రంగనాథుని సన్నిధిలో నాదస్వరం వాయించారు. విదేశాల్లో కూడా కచేరీలు చేశారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. శ్రీరంగంలో ఆశ్రమం పెట్టి శిష్యులకు విద్య నేర్పారు. 1999లో కన్నుమూశారు. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఒక ఆడమనిషి నాదస్వరంలో ఆ స్థాయికి రావడం వెనుక ఆ గురువు గారి పెద్ద మనసు ఉంది.

మన తెలుగు పిల్లలు బ్యాండులో చేరినా, బిష్టుపూర్ రామమందిరంలో సన్నాయి విని ముచ్చటపడినా వాళ్ళకు ఈ కరవది బిడ్డ కథ చెప్పండి. వాద్యం ఖరీదు గురించి తర్వాత ఆలోచించవచ్చు. ముందు తన ఊపిరికి తగిన రీడ్ వెతుక్కోమనండి, రోజూ పావుగంట ఒక స్వరం నిలపమనండి. ఎంత వచ్చినా ఇంకొకరి దగ్గర నేర్చుకోవడానికి సిగ్గుపడవద్దనండి.

జై హింద్.